ఊఁ కొట్టే రేడియో

మా టెస్ట్ బెంచి దగ్గర కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరు శాలువా కప్పారు, రిటైరైన రోజు ఎవరేం మాట్లాడారు అన్నవి ఇందులో ఉండవు. ఆ కాగితాలన్నీ బీరువాలో ఉన్నాయి, కావలసినవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. ముప్ఫై నాలుగేళ్లు వైర్‌లెస్ సెట్లు ట్యూన్ చేశాను. అన్నేళ్లలో నాకు పని నేర్పినవి ఒకటి రెండు తప్పులు, ఒక పెద్ద తిప్పలు. ఆ తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్నచోట కూర్చోలేను, లేచి అటూ ఇటూ తిరుగుతాను. మా ఇంట్లోవాళ్లు ఆ సంగతి విని విని విసిగిపోయారు. ఇప్పుడు మీరు దొరికారు.

కంపెనీ పేరు రాయను. వన్ టౌన్‌లో పాతవాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది.

మిర్చి గోడౌన్ మీద

ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలు ఊహించుకోకండి. కింద ఎండుమిర్చి గోడౌన్, పైన మేము. కింద బస్తాలు దించినప్పుడల్లా పైన పన్నెండుమంది ఆడవాళ్లం ఒకేసారి తుమ్మేవాళ్లం. తుమ్ములు ఆగేదాకా సన్నతీగ పని ఎవరూ ముట్టుకోకూడదని రూలు. బయటినుంచి వచ్చినవాళ్లు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే మెట్లెక్కేవారు. మాకు మాత్రం ఆ ఘాటు లేకపోతే ఆదివారం అనిపించేది.

కంపెనీ పెట్టింది కోటయ్య గారు. మేమంతా పెద్దాయన అనేవాళ్లం. మొదట్లో గవర్నర్‌పేటలో రేడియోలు రిపేరు చేసేవారు. ఆయనకి హామ్ రేడియో పిచ్చి. హామ్ అంటే లైసెన్సు తీసుకుని, కేవలం సరదా కోసం, ఇంట్లో కూర్చుని దేశదేశాలవాళ్లతో వైర్‌లెస్‌లో మాట్లాడేవాళ్లు. అప్పట్లో సెట్టు కొనుక్కుందామన్నా దొరికేది కాదు, ఎవరిది వాళ్లే చేసుకోవాలి. పెద్దాయన తనకోసం ఒకటి చేసుకున్నారు. అది చూసి ఏలూరు నుంచి ఒకాయన, తెనాలి నుంచి ఒకాయన మాకూ చేసిపెట్టమన్నారు. అలా అలా అదే వ్యాపారమైపోయింది.

కాయిల్స్ చుట్టింది ఆయన భార్య, మేము అమ్మగారు అనేవాళ్లం. వంటయ్యాక వాకిట్లో కూర్చుని గొట్టానికి రాగితీగ చుట్టేవారట. లెక్క తప్పకుండా ఉండటానికి ఒక్కో చుట్టుకీ ఒకసారి రామ అనుకునేవారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ అదే అలవాటైంది. నేను చేరేనాటికి మా ఫ్యాక్టరీలో కాయిల్ సైజులు చుట్లలో చెప్పేవాళ్లే లేరు. ఇరవైరెండు రామల కాయిల్, తొమ్మిది రామల కాయిల్ అనేవాళ్లం. మా దగ్గర చుట్టేవాళ్లలో ఇద్దరు క్రైస్తవులు, ఒకావిడ ముస్లిం. వాళ్ల దేవుణ్ణి వాళ్లు తలుచుకుని చుట్టేవారు, చుట్టాక రామల్లోనే లెక్క చెప్పేవారు. నాకైతే ఇంత అందమైన కొలత ఇంకెక్కడా కనబడలేదు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న తీరు కూడా చెప్పాలి. సర్టిఫికెట్లు తీస్తుంటే పెద్దాయన వద్దని, ఒక సెట్టు ముందు కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్ పెట్టారు. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. ఏం వినబడుతోందని అడిగారు. ఉప్పు వేయిస్తున్న చప్పుడండీ, దాని వెనకాల ఎక్కడో ఎవరో నవ్వుతున్నారు అన్నాను. ఆయన హెడ్‌ఫోన్ తన చెవికి పెట్టుకుని, డయల్ వెంట్రుకవాసి తిప్పి, నిజమే నవ్వుతున్నారు అన్నారు. మర్నాటినుంచి రమ్మన్నారు. ఆ రోజు మెట్లు దిగుతుంటే నా కాళ్లు నేలమీద లేవు.

నా గాజులు

చేరిన మూడో ఏడు నాకు పెళ్లయింది. వారం సెలవు పెట్టి తిరిగొచ్చి కసిగా పనిచేశాను. రెండ్రోజుల్లో ఇరవై సెట్లు ట్యూన్ చేసి, వేళ్లు విరుచుకుని, చూశారా నా స్పీడు అని అందరికీ చెప్పుకున్నాను.

ఇరవైకి ఇరవై తప్పు. ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు, అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగిపోయాయి. మీటరు పాడైందన్నాను. కరెంటు సరిగ్గా రావడం లేదన్నాను. కాయిల్ చుట్టిన ఆవిడ మీద కూడా పెట్టాను, అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పెద్దాయన స్టూలు తెచ్చుకుని నా పక్కన కూర్చుని, మరొకటి ట్యూన్ చెయ్యమ్మా అన్నారు. చేశాను, ముల్లు సరిగ్గా గీత మీద నిలబడింది. చెయ్యి తియ్యమన్నారు. తీశాను, ముల్లు జరిగింది. పెట్టమన్నారు, గీత మీదికి వచ్చింది. అప్పుడు నా చేతికేసి చూశారు.

అత్తగారు పెట్టిన నాలుగు బంగారు గాజులు. కాయిల్ పక్కన లోహం ఉంటే దాని లెక్క మారిపోతుంది. నేను సెట్టుని ట్యూన్ చెయ్యలేదు, సెట్టూ నా గాజులూ కలిపి ట్యూన్ చేశాను. గాజులు తీసి పని చేస్తే ఇంట్లో ఊరుకోరు. పెద్దాయన మర్నాడు మూరెడు పొడవున్న వెదురుపుల్ల చెక్కి, కొసకి ట్యూనింగ్ బిళ్ల అతికించి తెచ్చారు. చెయ్యి దూరంగా, గాజులు చేతికే, సెట్టు దాని మానాన అది. మీరు ఇప్పుడు వాడే పొడవాటి ప్లాస్టిక్ పుల్లలు అక్కడినుంచి వచ్చినవే.

బెంచి మీద ఉన్నది సెట్టొక్కటే అనుకోకండి, మీరు కూడా ఉన్నారు. ఆ పాఠం నాకు అప్పుడే పూర్తిగా ఎక్కి ఉంటే తర్వాత అంత అవస్థ పడేదాన్ని కాదు.

కుమారి గారు, పిచ్చుక

పెద్దాయనకి మోకాళ్లు అరిగి మెట్లెక్కడం తగ్గించాక కంపెనీ ఆయన కూతురు కుమారి గారి చేతికొచ్చింది. ఇద్దరి కిందా పనిచేశాను కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను. పెద్దాయనకి సెట్టు అంటే ప్రేమ, కొనేవాడు ఉన్నాడా లేడా అన్న ధ్యాస ఉండేది కాదు. కుమారి గారికి కోపం ఎక్కువ, తిట్టేవారు, ఫైలు విసిరేసేవారు. కానీ ఆవిడ రాకపోయి ఉంటే మనం ఇప్పటికి ఉండేవాళ్లం కాదు. హామ్‌లు బయటిదేశాల సెట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు. చిన్నచిన్నవి, తళతళలాడేవి. మన పెట్టెలు అడిగేవాళ్లు తగ్గిపోయారు.

అప్పుడు కుమారి గారు బందరు వైపు సముద్రానికి వెళ్లి చూసొచ్చారు. సెల్‌ఫోన్లు అప్పటికే అందరి చేతుల్లో ఉన్నాయి గానీ, పడవ కాస్త దూరం పోతే సిగ్నల్ ఉండేది కాదు. ఒడ్డున ఉన్న ఆడవాళ్లకి పడవ ఎప్పుడొస్తుందో, ఏం చేప పడిందో, ఎంత ఐసు సిద్ధంగా ఉంచాలో తెలియదు. లైసెన్సు అక్కర్లేని సీబీ బ్యాండ్ మీద పనిచేసే సెట్టు ఒకటి పడవలో, ఒకటి ఇంట్లో ఉంటే చాలు. ఆ సెట్టు చేశాం. చిన్నదిగా, గోధుమరంగులో ఉండేది. దానికి పిచ్చుక అని పేరు పెట్టాం.

పిచ్చుకలో ఒక భాగం పూర్తిగా నాది. మైకు మీద మీట నొక్కితే మన మాట పోతుంది, వదిలితే అవతలివాళ్ల మాట వస్తుంది. రెండూ ఒకేసారి జరగవు. ఆ మార్పిడి చేసే సర్క్యూట్ నేను గీశాను, నేనే పరీక్షించాను, ప్రతి సెట్టు వెనకా నా సంతకం ఉంది. ఒక మత్స్యకార సంఘం నలభై సెట్లు తీసుకుంది. ఆ రోజు మిర్చి ఘాటులోనే పూతరేకులు పంచుకు తిన్నాం.

మాట సగమే వస్తోంది

నెల తిరక్కుండా సెట్లు వెనక్కి రావడం మొదలైంది. ఫిర్యాదు అన్నిటికీ ఒకటే. మాట సగమే వస్తోంది, ముక్కలు ముక్కలుగా వస్తోంది.

బెంచి మీద పెట్టి చూస్తే ఒక్కదానికీ రోగం లేదు. ఒక సెట్టు ముందు నేను, అవతలి గదిలో ఇంకో సెట్టు ముందు మా ఇంజినీరు శ్రీకాంత్. ఒకటి, రెండు, మూడు అంటూ నూరు దాకా లెక్కపెట్టేవాళ్లం. అంకె ఒక్కటి పోయేది కాదు. బాగుందని పంపేవాళ్లం. వారంలో తిరిగొచ్చేది.

పంపడం, వినడం మార్చే రిలే ఉప్పుగాలికి తుప్పు పడుతోందేమోనని రిలేలు మార్చాను. ఏరియల్ తీగలు మార్చాం. సెట్టుని ఉప్పునీళ్ల తొట్టి మీద మూడ్రోజులు ఉంచాం. ఎండకి డాబా మీద రేకు కింద పెట్టాం. శ్రీకాంత్ చదువుకున్న కుర్రాడు, మంచివాడు, కానీ అప్పట్లో నోరు కొంచెం దురుసు. వాళ్లకి వాడటం చేతకాదు మేడం అనేవాడు. నాకు ఒళ్లు మండేది. వాడేవాడికి చేతకాదన్న మాట మన బెంచి దగ్గర ఎప్పుడూ అనకండి. ఆ మాట అన్నాక ఇక వెతకడం మానేస్తాం. అయితే నేను చేసింది మాత్రం ఏమంత గొప్ప, ఒకే సర్క్యూట్‌ని పదకొండుసార్లు విప్పి కట్టాను.

సంఘం వాళ్లు తేల్చి చెప్పేశారు. వేసవిలో వేట నిషేధం వస్తుంది, రెండు నెలలు పడవలు కదలవు. నిషేధం ఎత్తేసిన మొదటిరోజు అందరి ముందూ సెట్టు పెట్టి చూస్తాం, మాట పూర్తిగా వినబడితే ఉంచుకుంటాం, లేదంటే నలభై సెట్లూ పట్టుకుపోండి అన్నారు. కుమారి గారు ఆ రోజు ఫైలు విసరలేదు, తిట్టలేదు. నన్ను గదిలోకి పిలిచి, ఇది పోతే పై అంతస్తు కూడా మిర్చి వాళ్లకి ఇచ్చేస్తాను సుగుణా, ఇక నడపలేను అన్నారు. బయట పన్నెండుమంది తలలు వంచుకుని రామలు లెక్కపెట్టుకుంటున్నారు. నా సంతకం ఉన్న భాగం వల్ల ఇంతమంది పని పోతుందన్న ఆలోచనతో నాకు అన్నం సహించేది కాదు.

నాంచారమ్మ బొటనవేలు

నిషేధానికి ముందు ఇంకా నెలరోజులు ఉంది. సెట్టుకి రోగం సముద్రం దగ్గరే వస్తోంది కాబట్టి అక్కడే చూద్దామని బస్సెక్కాను. శ్రీకాంత్‌ని ఒక పడవలో పంపి, నేను ఒడ్డున నాంచారమ్మ ఇంట్లో కూర్చున్నాను. నాంచారమ్మకి నలభై ఏళ్లుంటాయి. చేపలు బుట్టల్లో సర్ది ఆటోకి ఎక్కించి బందరు మార్కెట్టుకి పంపేది. భర్త రామస్వామికి సొంత పడవ ఉంది. అన్నిటికన్నా ఎక్కువ ఫిర్యాదులు ఆవిడ సెట్టు మీదే.

శ్రీకాంత్ సముద్రంలోంచి ఒకటి నుంచి నూరు దాకా చదివాడు. ఒక్క అంకె పోలేదు. ఇంతకన్నా ఏం కావాలి అన్నట్టు నాంచారమ్మ వైపు చూశాను. ఆవిడ నావైపు జాలిగా చూసింది.

కాసేపటికి రామస్వామి పిలిచాడు. నాంచారమ్మ మైకు అందుకుంది. వల ఎక్కడ వేశాడో, పక్క పడవకి ఏం దొరికిందో, ఇంజను ఎందుకు మొరాయించిందో అతను తీరిగ్గా చెబుతున్నాడు. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. నా కళ్లముందే, నా చెవులారా. సెట్టు మూత తీద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగాను. వంగినప్పుడు నా కళ్లెదుట ఉన్నది ఆవిడ చెయ్యి.

అతను ఒక్కో ముక్క చెప్పగానే ఆవిడ బొటనవేలు మీట నొక్కి ఊఁ అంటోంది. వదులుతోంది. మళ్లీ నొక్కి ఊఁ. నొక్కినంతసేపూ సెట్టు పంపుతోంది, వినడం ఆపేస్తోంది. ఆ కాస్తలో అతనన్న మాటలు గాలికి పోతున్నాయి. మనతో ఎవరైనా మాట్లాడుతుంటే మనం ఊఁ కొడతాం. కొట్టకపోతే వినడం లేదనుకుంటారు. వైర్‌లెస్ కనిపెట్టినవాళ్లకి ఆ అలవాటు లేదు. ఒకరు అంతా చెప్పి ఓవర్ అనాలి, అప్పుడు రెండోవాళ్లు మొదలుపెట్టాలి. అదే సర్క్యూట్ నేనూ గీశాను. బెంచి మీద మాకు ఎందుకు దొరకలేదో కూడా అప్పుడే తట్టింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాడికి ఎవరు ఊఁ కొడతారు?

నేను స్క్రూడ్రైవర్ పట్టుకునే ఇసకలో గంతులేశాను. నిజంగానే వేశాను, చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. నాలుగు నెలలు రిలేలు మార్చిన మనిషిని, రోగం బొటనవేల్లో ఉంది.

నాంచారమ్మని కూర్చోబెట్టి విషయం చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది. అంతా విని, నింపాదిగా అంది.

"ఎదట మనిషి మాట్టాడతంటే ఊఁ అనకుండా ఎట్టా ఉంటామండీ? రాయిలాగా కూకోమంటారా?"

రెండ్రోజులు ప్రయత్నించి చూడమన్నాను. పాపం చూసింది. ఎక్కడ ఊఁ జారుతుందోనని ఐసు మాట వినగానే సెట్టు కట్టేసేదట. మూడోరోజు ఫోన్ చేసి ఇక తనవల్ల కాదంది. రామస్వామి మాట ముగించి మీట వదిలేసరికి ప్రతిసారీ ఆవిడ చివరి ఊఁ తోక అతనికి వినబడేదట. ఇప్పుడు అది లేదు. రెండ్రోజులు చూసి, ఆవిడ అలిగిందనుకుని, మధ్యాహ్నమే పడవ తిప్పుకుని ఇంటికొచ్చేశాడట.

సెట్టు మార్చండి

నేను ఫ్యాక్టరీకి వచ్చి చెప్పేసరికి కుమారి గారు ముందు నవ్వారు, తర్వాత నాలుగు నెలలు తలుచుకుని తిట్టారు. ప్రతి సెట్టు మీదా మధ్యలో ఊఁ అనరాదు అని స్టిక్కరు అంటిద్దామన్నారు. ప్రెస్సుకి ఫోన్ కూడా చెయ్యబోయారు. ఆ రోజు పెద్దాయన పట్టుబట్టి మెట్లెక్కి వచ్చి కూర్చున్నారు. కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుని బల్ల మీద పెట్టారు.

"మనిషిని మార్చుకొమ్మని సెట్టు మీద రాసి పంపిస్తావా అమ్మా? సెట్టు మార్చండి."

ఆ మధ్యాహ్నం మా మేడ మీద ఉన్న ఉత్సాహం ఎలా రాయను! నాలుగు నెలల తర్వాత మొదటిసారి మాకు పట్టుకోవడానికి ఏదో దొరికింది. నేను రెండ్రోజుల్లో కొత్త సర్క్యూట్ గీశాను. అవతలినుంచి మాట వస్తున్నంతసేపూ మీట నొక్కినా సెట్టు పంపదు, వింటూనే ఉంటుంది. అవతలివాళ్లు వదలగానే దానంతటదే పంపడం మొదలుపెడుతుంది. ఊఁ కొట్టినవాళ్లకి కొట్టిన తృప్తి, వినేది ఏదీ పోదు, చివరి ఊఁ తోక కూడా అవతలికి చేరుతుంది. కుమారి గారు నా భుజం తట్టారు. ఆవిడ భుజం తట్టడం నా సర్వీసులో రెండోసారి.

ఆ గర్వంతోనే నాంచారమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ ఊఁ ఊఁ అని విని ఒక ప్రశ్న వేసింది. పడవల్లో మైకు మీద ఏ వల మూటో పడి మీట నొక్కుకుపోవడం మామూలే. ఒక్కోసారి పూట పూటంతా అలాగే ఉండిపోతుంది. అందరి సెట్లూ ఎవరో మాట్లాడుతున్నారనుకుని కూర్చుంటాయి కదా.

"అప్పుడు ఇంకో పడవ మునిగిపోతందనుకోండి. ఆళ్లు ఎవురికి చెప్పుకోవాలండీ?"

బెంచి మీద అన్ని పరీక్షలూ నెగ్గిన సర్క్యూట్ అది. నేను సంతకం పెట్టడానికి కలం కూడా తీశాను. ఆవిడ ఆ ఒక్క మాట అడగకపోతే ఇరవై పడవల నోళ్లు నేనే కట్టేసి ఉండేదాన్ని. పిల్లలూ, మిగతాది మరిచిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. మన పని అయిపోయిందనుకున్నాక, దాన్ని వాడబోయే మనిషికి ఒకసారి నోటితో చెప్పి చూడండి.

మళ్లీ మొదటికొచ్చాం. గీసింది కొట్టేస్తూ, మళ్లీ గీస్తూ ఉండగానే నిషేధం మొదలై సగం రోజులు గడిచిపోయాయి. ఈసారి దారి చూపింది శ్రీకాంత్. అతనికి ఫోటోల సరదా ఉండేది. భోజనాల దగ్గర కెమెరా తుడుచుకుంటూ, సగం నొక్కితే ఒక పని, పూర్తిగా నొక్కితే ఇంకో పని అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు. అన్నవాడు మొహం పైకెత్తాడు. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. ముద్ద చేతిలో ఉండగానే ఇద్దరం బెంచి దగ్గరకి పరిగెత్తాం.

మీట కింద ఒక రేకు ఉంటుంది, దాని వెనకాల కాస్త గట్టిగా ఉండే రెండో రేకు పెట్టాం. మెల్లగా నొక్కితే ఊఁ. అవతలివాళ్లు మాట్లాడుతుంటే సెట్టు పంపకుండా ఆగుతుంది, వాళ్లు వదలగానే పంపుతుంది. బలంగా నొక్కితే రెండో రేకు తగులుతుంది, అప్పుడు ఎవరు మాట్లాడుతున్నా సరే మన మాట పోతుంది. రెండు మాటలు గుద్దుకుని ఈల వచ్చినా, ఎవరో ఆపదలో ఉన్నారని మిగతా పడవలకి తెలుస్తుంది. ఊఁకి బలం అక్కర్లేదు, ప్రాణం మీదికొస్తే ఎవరైనా బలంగానే నొక్కుతారు. నలభై మైకులకీ రేకులు వంచి బిగించింది మా కాయిల్ బల్ల దగ్గరి ఆడవాళ్లే. అంత సన్నపని ఇంకెవరి చేతా కాదు. ఈసారి పరీక్షకి అంకెలు చదవలేదు. ఒకావిడ అవతలి గదిలో కూర్చుని తన అత్తగారి సంగతులు చెప్పింది, మేమంతా వంతులవారీగా ఊఁ కొట్టాం. నా జీవితంలో అంత హాయిగా జరిగిన టెస్టింగ్ ఇంకోటి లేదు.

మొదటిరోజు

నిషేధం ఎత్తేశారు. తెల్లవారుజామునే పడవలు వెళ్లిపోయాయి. మధ్యాహ్నానికి సంఘం వాళ్లంతా నాంచారమ్మ ఇంటిముందు పందిట్లో చేరారు. సంఘం పెద్ద వెంకన్న గారు కుర్చీ వేయించుకుని సెట్టుకి ఎదురుగా కూర్చున్నారు. కుమారి గారు, శ్రీకాంత్, నేను ఒక పక్కన నిలబడ్డాం. చూడాలని ఇంకో యాభైమంది వచ్చారు.

రామస్వామి గొంతు వచ్చింది. రెండు నెలల తర్వాత సముద్రం మీదికి వెళ్లినవాడు, ఇక ఆగుతాడా! గాలి ఎటుందో, పండుగప్ప చేపలు ఎన్ని దొరికాయో, ఎవరి వల చిరిగిందో వరసగా చెబుతున్నాడు. నాంచారమ్మ బొటనవేలు మీట మీద ఆడుతోంది. ఊఁ. ఊఁ. ఊఁ. ఒక్క మాట తెగలేదు. పందిట్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకన్న గారు కుర్చీలో ముందుకి జరిగారు. శ్రీకాంత్ నా మోచెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. నేను వేళ్ల మీద ఊఁలు లెక్కపెడుతున్నాను. పద్నాలుగు వచ్చాయి.

సాయంత్రం నాలుగింటికి వస్తానని, ఐసు సిద్ధంగా ఉంచమని చెప్పి, రోజూ అలవాటైన మాటలా అదే ఊపులో చివరన ఇంకోటి అన్నాడు.

"నువ్వు అన్నం తిన్నావా?"

మీట వదిలేశాడు.

నాంచారమ్మ ఊఁ అనలేదు. బొటనవేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. సెట్టులోంచి గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ రామస్వామి గొంతు వచ్చింది, కంగారుగా.

"నాంచారూ. పలకవేందే? సెట్టు మళ్లా పోయిందా?"

వెంకన్న గారు తల అడ్డంగా ఊపుతూ మావైపు తిరిగారు. కుమారి గారు కళ్లు మూసుకున్నారు. ఎక్కడ పోయింది, ఏ రేకు, ఏ తీగ అని మనసు సర్క్యూట్ అంతా తిరుగుతోంది. ఒక్క అడుగు ముందుకేసి నాంచారమ్మ చేతిలోంచి మైకు తీసుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు. తలెత్తి చూసింది. ఆవిడ కళ్లనిండా నీళ్లున్నాయి.

"ఎప్పుడూ ఈ మాట ఇనపళ్లేదండీ. రోజూ అడిగేవోడా?"

నాకు అప్పుడు తెలిసింది. అతను రోజూ ఆఖరున ఆ మాటే అడిగేవాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ ఊఁ అనేది, ఆ మాట ఆవిడ సెట్టులో పడేది కాదు. ఆ ఊఁ తోక అతనికి వినబడేది. తిన్నదనుకుని నిశ్చింతగా వల లాగేవాడు. పాత సెట్టు పెట్టుకున్నన్నాళ్లూ అతను అడుగుతూనే ఉన్నాడు, ఆవిడ తిన్నానని చెబుతూనే ఉంది, ఆ సంగతి ఆవిడకే తెలియదు.

వెంకన్న గారు కుర్చీలోంచి లేచారు. సెట్టు దగ్గరకి వచ్చి, ఒకసారి దాన్ని తట్టి, మాతో నలభై సెట్లూ ఇక్కడే ఉంటాయని చెప్పారు. కుమారి గారు నన్ను కావలించుకున్నారు, శ్రీకాంత్ ఎవర్ని కావలించుకోవాలో తెలియక పందిరి గుంజని పట్టుకున్నాడు. నేను మాత్రం నాంచారమ్మనే చూస్తున్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, మీట మెల్లగా నొక్కింది.

"ఇంకా తిన్లేదయ్యా. ఏ రోజూ నువ్వొచ్చేదాకా తిన్లేదు."